మూతబడ్డ మిల్లులో మూడో వంతు ఎవరిది?

మా నాయన ట్రంకు పెట్టెలో ఒక గేటు పాసు ఉంది. అంచులు చిరిగిపోయాయి, ఫొటోలో ముఖం చెదిరిపోయింది. బొంబాయిలో పరేల్ దగ్గర ఒక బట్టల మిల్లులో, సాంచా ఖాతాలో ఆయన పనిచేశాడని చెప్పే కాగితం మా ఇంట్లో అదొక్కటే. సాంచా ఖాతా అంటే మగ్గాలుండే షెడ్డు. ఆ మాటే మా సిరిసిల్లకు వచ్చి సాంచె అయింది. మా దగ్గర మరమగ్గాన్ని ఎవరూ పవర్‌లూమ్ అనరు, సాంచె అనే అంటారు. బొంబాయి, దాని దగ్గరి భివండి పోయివచ్చిన వాళ్లు మగ్గాలతో పాటు వాటి పేరు కూడా వెంట తెచ్చుకున్నారు.

నేను పుట్టింది వర్లీలో, బీడీడీ చాళ్లలో. నూట అరవై చదరపు అడుగుల గది. నల్లాలు, పాయఖానాలు అంతస్తు మొత్తానికీ కలిపి. మా అంతస్తులో సగం మంది కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలీలే. మొదటి షిఫ్టు భోంగా, అంటే మిల్లు సైరన్, కూయకముందే అమ్మ పొయ్యి వెలిగించేది. భార్యాపిల్లల్ని ఊళ్లో వదిలి వచ్చిన ఏడుగురికి ఆమె వండిపెట్టేది. వాళ్లు తలా ఒక షిఫ్టులో ఉండేవాళ్లు కాబట్టి ఎప్పుడు చూసినా మా గదిలో ఎవరో ఒకరు తింటూనో, గోడవైపు తిరిగి నిద్రపోతూనో ఉండేవారు. ఇంట్లో గడియారం లేదు. భోంగాను బట్టే లేచేవాళ్లం, భోంగాను బట్టే స్కూలుకు పోయేవాళ్లం.

1982 జనవరి 18న సమ్మె మొదలైంది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. యూనియన్ నాయకుడు దత్తా సామంత్ వెంట సుమారు 2.5 లక్షల మంది మిల్లు కార్మికులు పనికి పోవడం మానేశారు. ఆ సమ్మె ముగిసిందని ఆ తర్వాత ఎవరూ ప్రకటించలేదు. భోంగా ఆగిపోయాక కొన్నాళ్లు అమ్మకు పొద్దున లేవడం తెలియలేదు, అలవాటు కొద్దీ నడిరాత్రి లేచి కూర్చునేది. ఆమె దగ్గర తినే ఏడుగురిలో ఐదుగురు ఊరికి వెళ్లిపోయారు. రెండేళ్లు చూసి నాయన భివండి వెళ్లాడు. మిల్లుల్లో ఆగిన నేత అప్పటికే అక్కడి మరమగ్గాలకు మళ్లుతోంది. మిల్లులో ఆయనకు ఈఎస్ఐ కార్డు ఉండేది, పీఎఫ్ ఉండేది, బోనస్ కోసం అడగడానికి యూనియన్ ఉండేది. భివండిలో మీటరుకు ఇంత అని లెక్క, అంతే. తర్వాత సిరిసిల్లకు తిరిగివచ్చి నాలుగు పాత సాంచెలు కొన్నాడు.

2008లో ఆయన్ను లోయర్ పరేల్ తీసుకువెళ్లాను. పాత మిల్లు ఆవరణలో దుకాణాలు వచ్చాయి, ఏసీ వచ్చింది, నేల అద్దంలా మెరుస్తోంది. పాత షెడ్డులో కొంత భాగాన్ని అలాగే ఉంచారు. నాయన ఏమీ మాట్లాడలేదు. ఇనుప స్తంభాలను లెక్కబెట్టుకుంటూ నడిచి, ఒక చెప్పుల దుకాణం ముందు ఆగాడు. "గీడనే ఉండె నా సాంచెలు" అన్నాడు. దుకాణంలో పిల్లవాడు "ఏ సైజు కావాలి అంకుల్?" అని మర్యాదగా అడిగాడు.

నేనిప్పుడు హైదరాబాద్‌లో, బాలానగర్ చుట్టుపక్కల చిన్న కార్ఖానాలకు లెక్కలు రాస్తాను. 2025 నవంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం హిల్ట్ (హైదరాబాద్ ఇండస్ట్రియల్ ల్యాండ్స్ ట్రాన్స్‌ఫర్మేషన్) పాలసీ జీవో ఇచ్చినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ చెప్పుల దుకాణమే. ఔటర్ రింగ్ రోడ్డు లోపల, దాని పక్కన ఉన్న 22 పారిశ్రామిక వాడల్లో 9,292 ఎకరాలకు సంబంధించిన జీవో అది. బాలానగర్, జీడిమెట్ల, సనత్‌నగర్, ఆజామాబాద్, కాటేదాన్, నాచారం, ఉప్పల్, మౌలాలి అన్నీ అందులో ఉన్నాయి. ఫ్యాక్టరీ కోసం ఇచ్చిన స్థలంలో ఇకమీదట అపార్టుమెంట్లు, ఆఫీసులు, మాల్స్ కట్టుకోవచ్చు. అందుకు రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతం రుసుము కట్టాలి. 80 అడుగుల రోడ్డుకో, అంతకన్నా వెడల్పాటి రోడ్డుకో ఆనుకుని ఉంటే 50 శాతం.

అప్పటినుంచి గొడవంతా ఆ శాతం దగ్గరే నడుస్తోంది. లక్షల కోట్ల భూమిని చవగ్గా ధారపోస్తున్నారని ప్రతిపక్షం అంటోంది. ఎప్పుడో అమ్మేసిన స్థలాల మీద కూడా ఆదాయం తెస్తున్నామని, కాలుష్యాన్ని ఊరి బయటికి పంపుతున్నామని ప్రభుత్వం అంటోంది. రెండు పక్షాలూ మాట్లాడుతున్నది డబ్బు గురించే. నా బాధ వేరు. మూతబడ్డ ఫ్యాక్టరీ స్థలంలో నగరానికి దక్కాల్సిన వాటా నేల రూపంలోనే దక్కాలి. అది ఎంతో ముందే రాసి పెట్టాలి, స్థలం మొత్తం మీద లెక్కగట్టాలి. ఈ మాట నేను ఏదో సిద్ధాంతం చదివి చెప్పడం లేదు. బొంబాయిలో ఒక్క సవరణ వల్ల ఏం జరిగిందో తెలిసినవాడిగా చెబుతున్నాను.

అక్కడ ఒకప్పుడు 58 మిల్లులు ఉండేవి. వాటి కింద ఉన్న నేల దాదాపు 600 ఎకరాలు. అదీ నగరం నడిబొడ్డున, రైల్వే స్టేషన్ల పక్కన. సమ్మె తర్వాత మిల్లులు కుంటుతూ నడిచి ఒక్కొక్కటే మూతబడ్డాయి. 1991లో మహారాష్ట్ర ప్రభుత్వం ఒక నిబంధన తెచ్చింది. అభివృద్ధి నియంత్రణ నియమావళిలో 58వది అది. మిల్లు స్థలాన్ని తిరిగి అభివృద్ధి చేస్తే సుమారు మూడో వంతు కార్పొరేషన్‌కు, అంటే పార్కులు, ఆటస్థలాలు, బడుల వంటి వాటికి పోవాలి. ఇంకో మూడో వంతు ఇళ్ల కోసం గృహనిర్మాణ సంస్థ మ్హాడాకు. మిగిలింది యజమానికి. ఇంత సూటిగా, మామూలు మనిషికి అర్థమయ్యేలా ఉన్న పంపకం నగరాల చట్టాల్లో అరుదు. 600 ఎకరాల్లో మూడో వంతు అంటే 200 ఎకరాల ఖాళీ జాగా. నడవడానికి చోటులేని బొంబాయికి అది ఎంత పెద్ద విషయమో అక్కడ పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు.

1996లో చార్లెస్ కొరియా నాయకత్వంలోని కమిటీ ఇంకో అడుగు ముందుకు వేసింది. సికింద్రాబాద్‌లో పుట్టిన ఆర్కిటెక్ట్ ఆయన. ప్రభుత్వ రంగంలోని నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతిలో ఉన్న 25 మిల్లుల స్థలాలను విడివిడి ముక్కలుగా కాకుండా కలిపి ప్లాన్ చేయాలని ఆ కమిటీ సూచించింది. ఒక్కో మిల్లు తన మూడో వంతును ఒక్కో మూల ఇస్తే అక్కడ చిన్న పార్కు, ఇక్కడ చిన్న పార్కు వస్తాయి. కలిపితే వీధులు, బడులు, మైదానాలు ఒక పద్ధతిలో వస్తాయి. ఆ సూచన కాగితాల మీదే ఉండిపోయింది.

2001లో ఆ నిబంధనను సవరించారు. మూడు వాటాల పంపకం ఖాళీ నేలకే వర్తిస్తుంది, కట్టడాల కింద ఉన్న నేల లెక్కలోకి రాదు, ఆ కట్టడాన్ని కూల్చేసినా సరే రాదు. సవరణ సారాంశం ఇదే. మిల్లు అంటే ఏమిటో చూసినవాళ్లకు ఇందులోని నష్టం వెంటనే అర్థమవుతుంది. బట్టల మిల్లులో ఖాళీ స్థలం ఎంత ఉంటుంది? గేటు దగ్గర కొంచెం, పత్తి బేళ్లు దించే చోట కొంచెం, నీళ్ల గుంట చుట్టూ కొంచెం. మిగతాదంతా షెడ్డే. నగరానికి రావాల్సిన 200 ఎకరాలు ఆ ఒక్క సవరణతో చిన్న చిన్న ముక్కలకు దిగిపోయాయి.

2005లో నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ ఐదు మిల్లుల స్థలాలను వేలం వేసింది. మొత్తం 2,000 కోట్ల రూపాయలకు పైగా వచ్చింది. లోయర్ పరేల్‌లోని ఒక్క ముంబై టెక్స్‌టైల్ మిల్లు స్థలాన్నే డీఎల్ఎఫ్ 702 కోట్లకు కొంది. 2001 సవరణ చెల్లదని పర్యావరణ కార్యకర్తలు హైకోర్టుకు వెళ్లారు. 2005 అక్టోబర్‌లో వాళ్లకు అనుకూలంగా తీర్పు వచ్చింది. 2006 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, ఆ సవరణ చెల్లుతుందని చెప్పింది. అక్కడితో ఆ కథ ముగిసింది. కోర్టు ముందున్న ప్రశ్న ఆ సవరణ చట్టానికి లోబడి ఉందా లేదా అన్నదే. అసలు తప్పు అంతకు ఐదేళ్ల ముందే, నిబంధన రాసిన బల్ల దగ్గర జరిగిపోయింది.

ఇళ్ల వాటా గురించి కూడా చెప్పాలి. మిల్లు కార్మికుల ఇళ్ల కోసం దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు దాదాపు లక్షన్నర మంది. 2012లో తీసిన మొదటి లాటరీలో 6,925 ఇళ్లు పంచారు. ఒక్కోటి 225 చదరపు అడుగులు. ఎంత చిన్నదైనా తమ మిల్లు ఉన్న చోటే ఇల్లు రావడం వాళ్లకు గొప్ప విషయం. కానీ లెక్క చూడండి. ఆ తర్వాత లాటరీలు తీసినా ఎక్కువమందికి ఇంకా ఇల్లు లేదు. ఇప్పుడు వాంగణి, శేలు లాంటి దూరపు చోట్ల ఇస్తామంటున్నారు, అక్కడినుంచి పరేల్‌కు లోకల్ రైలులో రావాలంటేనే గంటన్నర పైన పడుతుంది. 2025 జులైలో పాత కార్మికులు, వాళ్ల పిల్లలు ఆజాద్ మైదానంలో ధర్నాకు కూర్చుని, మాకు ముంబైలోనే ఇవ్వండి అని అడిగారు. వాళ్లలో చాలామంది డెబ్భై దాటినవాళ్లు. మా నాయన దరఖాస్తే పెట్టలేదు. "భివండికి పోయినోనికి ఎవరిస్తరు బిడ్డా" అన్నాడు. ఆయన అర్హుడో కాదో కనుక్కుందామని నేనూ గట్టిగా పట్టుపట్టలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇక కట్టడాల సంగతి. పాత ఫ్యాక్టరీని కూల్చకుండా కొత్త పనికి వాడుకోవాలని చదువుకున్నవాళ్లందరూ అంటారు. నాకూ ఆ షెడ్లంటే ప్రాణం. రంపం పళ్లలా ఉండే ఆ కప్పు ఊరికే పెట్టింది కాదు. ఉత్తరం వైపు అద్దాలు పెడితే ఎండ నేరుగా పడదు, వెలుగు మాత్రం రోజంతా ఒకేలా ఉంటుంది, తెగిన పోగు కంటికి కనిపిస్తుంది. అయితే బొంబాయిలో కట్టడాన్ని నిలబెట్టడం కూడా వాటా తప్పించుకునే దారి అయింది. పాత షెడ్డును అలాగే ఉంచి లోపల ఆఫీసులు, హోటళ్లు, దుకాణాలు పెట్టుకుంటే అది పునరభివృద్ధి కిందికి రాదు, నగరానికి నేల ఇవ్వక్కర్లేదు. కట్టడం మిగిలింది, చిమ్నీ మిగిలింది, దాని మీద దీపాలు కూడా పెట్టారు. పార్కు రాలేదు, ఇల్లు రాలేదు. ఇరుకైన మిల్లు ఆవరణల్లో జనాన్ని నింపడం వల్ల వచ్చే ప్రమాదం 2017 డిసెంబర్‌లో కమలా మిల్స్ ఆవరణలో బయటపడింది. రూఫ్‌టాప్ రెస్టారెంట్లలో మంటలు లేచి 14 మంది చనిపోయారు. అందుకే "కూల్చాలా, ఉంచాలా" అన్న ప్రశ్నతో మొదలుపెట్టడం నాకు నచ్చదు. ముందు వాటా తేలాలి. ఆ తర్వాత ఏ షెడ్డు ఉండాలో మాట్లాడుకోవచ్చు.

బాలానగర్‌కు వస్తాను. ఇక్కడ మూతబడ్డవి చాలా ఉన్నాయి, నడిచేవి అంతకన్నా ఎక్కువ ఉన్నాయి. బయటివాళ్లకు తుప్పు పట్టిన గేటు కనిపిస్తే ఫ్యాక్టరీ చచ్చిపోయిందనుకుంటారు. లోపలికి వెళ్తే పాత పెద్ద షెడ్డును నాలుగు భాగాలుగా విడగొట్టి నలుగురు అద్దెకు ఉంటారు. ఒకరి దగ్గర రెండు లేత్ మిషన్లు, పక్కన మిల్లింగ్, ఇంకొకరు ప్లాస్టిక్ మౌల్డింగ్‌కు డైలు, అంటే అచ్చులు, చేస్తారు, వెనక గదిలో గ్రైండింగ్. డై తయారయ్యాక హీట్ ట్రీట్‌మెంట్‌కు పక్క వీధికి ఆటో ట్రాలీలో పోతుంది, అక్కడినుంచి ప్లేటింగ్‌కు ఇంకో వీధికి. సాయంత్రానికి తిరిగి వస్తుంది. ఈ జాబ్ వర్క్ గొలుసు ఏ ప్రభుత్వ లెక్కలోనూ ఒక ఆస్తిగా కనిపించదు. నేను రాసే బిల్లుల్లో మాత్రం రోజూ కనిపిస్తుంది. ఒక కొక్కెం ఔటర్ అవతలికి పోతే మిగతావన్నీ తెగుతాయి. రెండు లేత్‌లున్న మనిషి ఒక్క ప్లేటింగ్ కోసం నలభై కిలోమీటర్లు పోయిరాలేడు.

ఆ నైపుణ్యం ఊరికే రాలేదు. 1960ల్లో ప్రభుత్వం ఇక్కడ ఐడీపీఎల్ అనే మందుల ఫ్యాక్టరీ పెట్టింది, సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పెట్టింది. డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి కూడా ఒకప్పుడు ఐడీపీఎల్‌లో పనిచేసినవారే. హైదరాబాద్ మందుల పరిశ్రమకు పునాది ఆ ఫ్యాక్టరీలో పడింది. ఫ్యాక్టరీ మూతబడింది, అక్కడ నేర్చుకున్న పని మూతబడలేదు. ఇదంతా ప్రజల సొమ్ముతో, ఉపాధి కోసమని చవగ్గా ఇచ్చిన భూమి మీద జరిగింది. ఆజామాబాద్‌లో అయితే నిజాం కాలం నుంచి అది లీజు భూమే, లీజుల సంగతి తేల్చడానికి 1992లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. ఉపాధి పేరు మీద ఇచ్చిన భూమి ఉపాధిని వదిలేసి వేరే పనికి మళ్లుతున్నప్పుడు, ఉపాధి వాటా ఎంత అని అడగడం అన్యాయం కాదు.

30 శాతం రుసుము ఉందిగా, అది వాటా కాదా అని ఒక స్నేహితుడు అడిగాడు. డబ్బు ఆ ఏడాది బడ్జెట్‌లో కలుస్తుంది, ఏదో ఒక పథకానికి ఖర్చవుతుంది. పదేళ్ల తర్వాత బాలానగర్‌లో బడి కట్టాలంటే ఆ డబ్బు పెట్టి గజం కూడా కొనలేము, ఎందుకంటే అప్పటికి ధర మనం మార్చిన భూవినియోగం వల్లే పెరిగిపోయి ఉంటుంది. నేల తీసుకుంటే ఆ ఇబ్బంది లేదు. 9,292 ఎకరాల్లో మూడో వంతు అంటే 3,000 ఎకరాలకు పైనే. రోడ్లు, పాత ఖాళీలు తీసేసి లెక్కవేసినా అంత పెద్ద భూమి ఈ నగరం నడుమ మళ్లీ దొరకదు.

ఆ వాటాలో పార్కులే ఉండాలని నేను అనను. బొంబాయి నిబంధనలో నాకు కనిపించే లోపం ఒకటుంది. ఆటస్థలానికి చోటు పెట్టారు, ఇంటికి చోటు పెట్టారు, పనికి పెట్టలేదు. మా నాయనకు ఆ రోజుల్లో కావలసింది పార్కు కంటే ముందు సాంచె. నన్నడిగితే హైదరాబాద్ వాటాలో ఒక భాగం అద్దె షెడ్లకు పోవాలి. పాత కట్టడాల్లో గట్టిగా ఉన్నవాటిని ప్రభుత్వమే ఉంచుకుని, కప్పు బాగుచేసి, కరెంటు లైన్లు, మంటలార్పే ఏర్పాట్లు సరిచేసి, పొగ, రసాయనం లేని చిన్న యూనిట్లకు దీర్ఘకాలం అద్దెకివ్వాలి. ఆ రంపపు పళ్ల కప్పు కింద లేత్ నడిస్తే ఆ కట్టడం తాను చేయాల్సిన పనే చేస్తున్నట్టు. రెండో భాగం అక్కడ పనిచేసేవాళ్లు నడిచి రాగలిగిన దూరంలో ఇళ్లకు. మిగిలింది చెట్లకు, బడులకు.

కాలుష్యం మాట నేను తేలిగ్గా తీసేయను. జీడిమెట్లలో రాత్రిపూట కిటికీలు మూసుకుని పడుకునే ఇళ్లు నాకు తెలుసు. రసాయన ఫ్యాక్టరీలు ఇళ్ల మధ్య నుంచి పోవాల్సిందే. కానీ ఫ్యాక్టరీ పోయినంత మాత్రాన అది నేలలో వదిలింది పోదు. కాటేదాన్ మట్టిలో సీసం, క్రోమియం లాంటి లోహాలు మోతాదు మించి ఉన్నాయని హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు ఎన్నో ఏళ్ల కిందటే పరీక్షించి చెప్పారు. అలాంటి నేల మీద పిల్లలాడే అపార్టుమెంటు కట్టే ముందు ప్లాటు ప్లాటుకూ మట్టి, బోరు నీళ్లు పరీక్షించాలి, ఫలితం జనానికి చూపాలి. శుభ్రం చేసే ఖర్చు అక్కడ లాభం తీసినవాళ్లే పెట్టుకోవాలి. భూవినియోగం మార్చే కాగితం ఇవ్వడానికి ఇది మొదటి షరతు కావాలి. ఫ్లాట్లు అమ్ముడుపోయాక ఈ పరీక్ష ఎవరూ చేయించరు. కొన్నవాళ్లే వద్దంటారు, రేటు పడిపోతుందని టెన్షన్.

యజమానుల వైపు న్యాయం లేదని కూడా అనను. నష్టాల్లో ఉన్న ఫ్యాక్టరీని ఇరవై ఏళ్లు లాగలేరు. నాకు తెలిసిన ఒక పెద్దాయన మూతేసిన యూనిట్‌కు ఏటా ఆస్తి పన్ను, వాచ్‌మన్ జీతం కడుతూ విసిగిపోయాడు. ఆయనకు ఒక దారి కావాలి. మూడింట ఒక వంతు తనకు మిగిలినా, భూవినియోగం మారడం వల్ల పెరిగే ధరలో అది ఆయన ఇప్పుడు ఊహించేదానికంటే ఎక్కువే అవుతుంది. బొంబాయిలో కూడా పాత నిబంధన కింద యజమానులు బీదవాళ్లు అయిపోయేవాళ్లు కాదు.

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం అద్దెకున్నవాళ్ల గురించి. దరఖాస్తు పెట్టేది స్థలం ఎవరి పేరున ఉందో వాళ్లు. షెడ్డులో నాలుగో భాగంలో లేత్ పెట్టుకున్న మనిషి పేరు ఆ ఫైల్‌లో ఎక్కడా ఉండదు. చాలామందికి అద్దె ఒప్పందం పదకొండు నెలలదే, కొందరికి అదీ లేదు. మా నాయన బద్లీగా, అంటే రాని వాళ్ల బదులు పనిచేసేవాడిగా, చేరిన రోజుల్లో కూడా ఆయన పేరు మస్టర్ రోల్‌లో ఒక మూలనైనా ఉండేది. భూవినియోగం మార్చే ముందు ఆ షెడ్డులో అసలు ఎవరు పనిచేస్తున్నారో ఒక్కసారి తలుపు తట్టి రాసుకోండి అని అడుగుతున్నాను. కరెంటు మీటర్లు ఉన్నాయి, జీఎస్టీ నంబర్లు ఉన్నాయి, వెతకడం కష్టం కాదు.

పోయిన వారం నేను లెక్కలు రాసే ఒక డై మేకర్ నన్ను ఆగమన్నాడు. పద్దెనిమిదేళ్లుగా అదే షెడ్డులో ఉన్నాడు, ఆయన దగ్గర ఆరుగురు పనిచేస్తారు. ఓనర్ దరఖాస్తు పెట్టాడట. "సార్, ఒక లెటర్ టైపు చేసి పెట్టండి" అన్నాడు. ఎవరికి అని అడిగాను. కాసేపు ఆలోచించాడు. ఓనర్‌కా, కలెక్టర్‌కా, పరిశ్రమల శాఖకా, ఆయనకు తెలియలేదు. నాకూ వెంటనే తోచలేదు. చివరికి ముగ్గురికీ మూడు కాపీలు తీశాం. పద్దెనిమిదేళ్ల కరెంటు బిల్లుల్లో మొదటిదీ, చివరిదీ జెరాక్స్ తీసి ఒక్కో లెటర్‌కు పిన్ను కొట్టి ఇచ్చాను.